బీటీ పత్తి లెక్క: జన్యువుకు కట్టిన ధర, రైతుకు మిగిలిన పైకం

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. బీటీ పత్తితో (పురుగును చంపే జన్యువును విత్తనంలో చేర్చిన పత్తి) చిన్న రైతు బాగుపడ్డాడని కొందరు, చితికిపోయాడని కొందరు రాస్తున్నారు, వీటిలో ఏది నిజమన్నది మొదటిది. జన్యుమార్పిడి పంటలు మనలాంటి ఇతర దేశాల్లో రైతుకు గిట్టుబాటు అయ్యాయా అన్నది రెండోది. మీ ఆదిలాబాద్ పల్లెల్లో గడ్డి మందు కొట్టినా చావని పత్తి విత్తనాన్ని ఇంటికే తెచ్చి అమ్ముతున్నారు, దాన్ని వేయవచ్చా అన్నది మూడోది. పాతికేళ్లకు పైగా వరంగల్, ఖమ్మం ప్రాంతాల్లో రైతుల సాగు ఖర్చులను సేకరించి లెక్కలు కట్టే పని చేసినవాడిగా నాకు తెలిసింది చెబుతాను. సమాధానం పొడవుగా ఉంటుంది, ఎందుకంటే విత్తనంలోని జన్యువును, ఆ జన్యువు ఉన్న విత్తనాన్ని, ఆ విత్తనాన్ని అమ్మే పద్ధతిని విడివిడిగా చూడకపోతే ఈ మూడు ప్రశ్నల్లో దేనికీ సరైన జవాబు దొరకదు.

ముందుగా ఒక పొరపాటును సరిచేయాలి. బీటీ వల్ల దిగుబడి పెరుగుతుందని విత్తనాల దుకాణం నుంచి పత్రికల దాకా అందరూ అంటారు. నిజానికి ఆ జన్యువు దిగుబడిని పెంచదు. నేలలో ఉండే ఒక బాక్టీరియా నుంచి తీసుకున్న ఆ జన్యువు మొక్కలో ఒక ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది, దాన్ని తిన్న కాయతొలుచు పురుగు చస్తుంది, అంతవరకే దాని పని. మొక్కకు ఎన్ని కాయలు పట్టాలన్నది ఆ విత్తనపు రకం, నేల, వాన, ఎరువు కలిసి తేలుస్తాయి. కాబట్టి జన్యువు విలువను కట్టాలంటే పురుగు పాలు కాకుండా మిగిలిన పత్తిని, కొట్టకుండా మిగిలిన మందును కలిపి, అందులోంచి విత్తనానికి అదనంగా పెట్టిన డబ్బును, అదనపు పత్తిని ఏరడానికి అయిన కూలిని తీసేయాలి. పురుగు విరుచుకుపడిన ఏడాది ఈ లెక్క ఎకరాకు వేల రూపాయల లాభం చూపిస్తుంది, పురుగు రాని ఏడాది విత్తనం మీద పెట్టిన అదనపు డబ్బంతా నష్టంగా కనిపిస్తుంది. బీమా ప్రీమియం లాంటిదనుకుంటే విషయం సులువుగా అర్థమవుతుంది. ఒక్క ఏడాది, ఒక్క ఊరి అనుభవం పట్టుకుని లాభమనో నష్టమనో తేల్చేవాళ్లందరూ పొరబడేది ఇక్కడే.

ఆ బీమా అవసరం ఎంతగా ఉండేదో 1997-98 నాటి వరంగల్ జిల్లాను చూసినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. ఆ ఏడాది కాయలు తొలిచే శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు పత్తిని ఊడ్చిపెట్టాయి, ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు, అప్పటికి దేశంలో బీటీ విత్తనమే లేదు. నర్సంపేట దగ్గర ఒక రైతు ఆ ఏడాది రాసుకున్న పద్దు పుస్తకాన్ని నేను తిరగేశాను. దుక్కి, విత్తనం, ఎరువు కలిపి అర పేజీలో ముగిశాయి. ఆ తరువాత రెండు పేజీల నిండా మోనో, క్వినాల్, సైపర్ అంటూ తేదీల వారీగా మందుల పేర్లే ఉన్నాయి. అక్టోబరు వచ్చేసరికి నాలుగైదు రోజులకొకసారి కొట్టినట్టు తెలుస్తోంది. దాదాపు ప్రతి పద్దు పక్కనా ‘ఉద్దెర’ అని రాసి ఉంది. మందు అమ్మిన వ్యాపారి దగ్గరే అప్పు, పండిన పత్తి కూడా ఆయనకే. ఆ పుస్తకం చూశాక, శనగపచ్చ పురుగును ఆపే విత్తనం రైతుకు ఏమీ ఒరగబెట్టలేదనే వాదనను నేను ఒప్పుకోలేకపోయాను.

అయితే ఆ విత్తనం వచ్చిన తీరు వేరు. 2002 మార్చిలో కేంద్రం అనుమతించిన తొలి మూడు హైబ్రిడ్లు మెక్-12, మెక్-162, మెక్-184. 450 గ్రాముల ప్యాకెట్టు ధర 1,600 రూపాయల పైమాటే, మామూలు హైబ్రిడ్ నాలుగు వందల యాభైకి అటూ ఇటూగా దొరికేది. పత్తి క్వింటాలు రెండు వేలు అనుకుని లెక్క వేయండి. ఎకరాకు ఒక ప్యాకెట్టు వేసినా, అదనంగా పెట్టిన 1,150 రూపాయలు తిరిగి రావాలంటే దాదాపు 58 కిలోల పత్తి పురుగు నోటి నుంచి తప్పించుకోవాలి, దాన్ని ఏరే కూలి అదనం. నీటి వసతి ఉండి ఎకరాకు పది క్వింటాళ్లు తీసేవాడికి అది పెద్ద లెక్క కాదు. చెలక నేలలో వాన మీద ఆధారపడి మూడు నాలుగు క్వింటాళ్లు తీసేవాడికి అది పంటలో దాదాపు ఐదో వంతు దాకా ఉంటుంది. పైగా ఆ తొలి హైబ్రిడ్లు తెలంగాణ నేలలకు, ఇక్కడి వానలకు తగినవి కావు. జన్యువు తన పని చేసినా మొక్క కాయలేదు. 2005లో ఆ మూడింటికీ ఆంధ్రప్రదేశ్‌లో అనుమతిని కొనసాగించలేదు. మంచి జన్యువును తగని రకంలో పెట్టి అమ్మితే ఏమవుతుందో మన రైతులు తమ చేతి డబ్బుతో తెలుసుకున్నారు.

ఆ తరువాతి ఏడాది జరిగింది ఈ మొత్తం కథలో అతి ముఖ్యమైన ఆర్థిక సంఘటన అని నా అభిప్రాయం. జన్యువును వాడుకోనిచ్చినందుకు కంపెనీ ఒక్కో ప్యాకెట్టు మీద వసూలు చేస్తున్న సాంకేతిక రుసుము మరీ ఎక్కువని రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాల నియంత్రణ కమిషన్ ముందు ఫిర్యాదు చేసింది, 2006లో ప్యాకెట్టు గరిష్ఠ ధరను 750 రూపాయలుగా నిర్ణయించింది, మిగతా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. ఇంతకు ముందు వేసిన లెక్కనే మళ్లీ వేయండి. అదనపు ఖర్చు 300 రూపాయలకు పడిపోయింది, అంటే 15 కిలోల పత్తి మిగిలితే చాలు, పెట్టిన డబ్బు వచ్చేస్తుంది. జన్యువు అదే, పురుగు అదే, రైతు అతనే, కానీ 58 కిలోల గీత 15 కిలోల దగ్గరికి దిగింది. అప్పటికి స్థానిక కంపెనీలు తమ సొంత హైబ్రిడ్లలో ఈ జన్యువును పెట్టడం కూడా మొదలైంది. పేద దేశంలో కొత్త విత్తనం వల్ల వచ్చే లాభం రైతుకు ఎంత, కంపెనీకి ఎంత అన్నది ప్రయోగశాలలో తేలే విషయం కాదు, ప్యాకెట్టు మీద అచ్చు వేసిన ధర దగ్గర తేలుతుంది.

ధరల నియంత్రణకు రెండో వైపు కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 2015 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ ఒకే ధర నిర్ణయించే ఉత్తర్వు తెచ్చింది, 2016లో రెండు జన్యువుల బీటీ (పురుగును చంపే జన్యువులు ఒకటికి బదులు రెండు ఉన్న విత్తనం) ప్యాకెట్టు ధర 800 రూపాయలైంది, 2020 నాటికి సాంకేతిక రుసుమును పూర్తిగా తీసేశారు. 2016లోనే, తరువాతి తరం పత్తి కోసం పెట్టుకున్న దరఖాస్తును కంపెనీ వెనక్కి తీసుకుంది. చౌకగా వచ్చిన విత్తనం రైతుకు మేలు చేసింది, కానీ పాత విత్తనం పని చేయడం మానేశాక కొత్తది తెచ్చేవాడు లేకుండా పోయాడు. ఈ ఖాళీని ప్రభుత్వ పరిశోధన నింపి ఉండవలసింది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఇక పండితుల తగవు. ఖాథగే, ఖైమ్ అనే ఆర్థికవేత్తలు 2002 నుంచి 2008 వరకు అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంతో సహా నాలుగు రాష్ట్రాల్లో ఒకే కుటుంబాలను పదేపదే కలిసి సేకరించిన లెక్కల ప్రకారం, బీటీ వల్ల ఎకరా దిగుబడి 24 శాతం, పత్తి మీద లాభం 50 శాతం పెరిగాయి. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన క్రాంతి, మానవశాస్త్రవేత్త స్టోన్‌తో కలిసి 2020లో ప్రచురించిన దీర్ఘకాలిక విశ్లేషణ మాత్రం, దిగుబడుల పెరుగుదలకు ఎరువులు, నీటి వసతి, రసం పీల్చే పురుగుల మీద పనిచేసిన కొత్త మందులు ఎక్కువ కారణమని చెబుతుంది. దేశం మొత్తం మీద హెక్టారుకు దూది దిగుబడి 2001-02లో 308 కిలోలు, 2007-08లో 554 కిలోలు. ఆ తరువాత బీటీ విస్తీర్ణం తొంభై శాతం దాటినా, ఏటా హెచ్చుతగ్గులతో చాలా ఏళ్లు ఐదు వందల కిలోల చుట్టుపక్కలే తిరిగింది. నేను రాసిన లెక్కలను బట్టి చెప్పమంటే, ఇరు పక్షాలూ చూసింది నిజమే, చూసిన కాలం వేరు. మొదటి ఆరేడేళ్లలో మా దగ్గర మందుల పద్దు సగానికి పైగా తగ్గడం నా కళ్లతో చూశాను. కానీ ఆ మిగిలిన డబ్బును రైతు ఎరువు బస్తాల మీద పెట్టాడు, కొందరు బోర్లు వేశారు, ఆ పెరుగుదలలో ఏ భాగం ఎవరిదో పొలంలో నిలబడి విడదీయడం సాధ్యం కాదు. ముందుగా బీటీ వేసినవాళ్లు అప్పటికే నీళ్లూ పెట్టుబడీ ఉన్న రైతులు కావడం వల్ల తొలి అంచనాల్లో కొంత మొత్తం జన్యువు ఖాతాలోకి అన్యాయంగా చేరిందన్నది కూడా నిజం.

ఆ లాభం ఎందుకు నిలవలేదో తెలియాలంటే డిసెంబరులో ఒక పచ్చి కాయను గోటితో చీల్చి చూడాలి. పైకి నవనవలాడుతూ, మచ్చ కూడా లేకుండా ఉంటుంది. లోపల గింజ పక్కన గులాబీ రంగు పురుగు ముడుచుకుని ఉంటుంది, ఒక తొనలో దూది పసుపు పచ్చగా మారి గట్టిపడి ఉంటుంది. గుడ్డి పూలు (పురుగు చేరి విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పూలు) కనిపించే నాటికే ఆలస్యమైపోతుంది, ఎందుకంటే పురుగు కాయలోకి దూరాక ఏ మందూ అక్కడికి చేరదు. ఒక జన్యువు ఉన్న బీటీని ఈ పురుగు తట్టుకుంటోందని 2010లో గుజరాత్ నుంచి వార్త వచ్చింది, ఆ తరువాత కొన్నేళ్లకే రెండు జన్యువులున్న దాన్నీ తట్టుకుంది, 2017లో మహారాష్ట్ర, తెలంగాణ రైతులు దాని దెబ్బ గట్టిగా తిన్నారు.

పురుగు ఇలా తట్టుకోకుండా ఉండటానికే ప్రతి డబ్బాలో 120 గ్రాముల బీటీ కాని విత్తనం చిన్న సంచిలో పెట్టి ఇచ్చేవారు. చేను చుట్టూ ఐదు సాళ్లు అది వేస్తే, బీటీ తగలని పురుగులు అక్కడ పెరిగి, తట్టుకున్న పురుగులతో జతకట్టి, ఆ గుణాన్ని పలచన చేస్తాయన్నది ఆలోచన. ఆ సంచులు గట్ల మీద, విత్తనాల దుకాణాల వెనక ఎన్ని పడి ఉండేవో లెక్కలేదు. రైతును తప్పుపట్టడం సులువు. కానీ రెండెకరాలున్నవాడు తన చేలో కొంత భాగాన్ని పురుగుకు వదిలేస్తే నష్టం మొత్తం ఆయనదే, దాని వల్ల వచ్చే మేలు మండలమంతటిదీ, పక్కవాళ్లు వేయకపోతే ఆ మేలు కూడా ఉండదు. ఊరి చెరువు పూడిక ఒక్కడే తీయమన్నట్టే ఇది. చైనాలో యాంగ్జీ లోయ రైతులు హైబ్రిడ్ విత్తనాన్ని రెండో తరం వేసుకున్నందువల్ల, ఒకే చేలో బీటీ మొక్కలు, బీటీ కాని మొక్కలు వాటంతటవే కలిసి మొలిచాయి. అక్కడ గులాబీ పురుగు తట్టుకునే శక్తి పెరగకపోగా తగ్గింది. ఎవరినీ త్యాగం చేయమనకుండానే పని జరిగింది. మన దగ్గర బీటీ కాని విత్తనాన్ని చివరకు బీటీ విత్తనంతో ఒకే సంచిలో కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు, అప్పటికే చాలా ఆలస్యమైంది.

లాభం నిలవకపోవడానికి రెండో కారణం ఇంకా లోతైనది, దీని గురించి మన దగ్గర తగినంత మాట్లాడుకోలేదు. ప్రపంచంలో పత్తి పండించే దేశాలు చాలావరకు సూటి రకాలు (హైబ్రిడ్ కానివి, విత్తనం దాచుకుని మళ్లీ వేసుకోగలిగినవి) వేస్తాయి, దాదాపు మొత్తంగా హైబ్రిడ్ల మీద ఆధారపడింది మనమే. హైబ్రిడ్ విత్తనాన్ని దాచుకుని మళ్లీ వేసుకుంటే అదే పంట రాదు కనుక ప్రతి ఏడాదీ కొనాలి. పేటెంటు చట్టం కంటే ఈ ఒక్క గుణమే కంపెనీ ఆదాయాన్ని గట్టిగా కాపాడింది. గద్వాల, నంద్యాల వైపు సీడ్ పత్తి మడులను చూసినవాళ్లకు ఆ విత్తనం ఎందుకంత ఖరీదో తెలుస్తుంది. ప్రతి మొగ్గనూ చేత్తో విప్పి మగ భాగాన్ని తీసేసి, మర్నాడు ఉదయం మరో రకం పువ్వును దానికి రుద్దే పని రోజూ, నెలల తరబడి జరుగుతుంది, ఆ పనికి చిన్నపిల్లలను పెట్టిన చరిత్ర కూడా ఆ మడులకు ఉంది. ఖరీదైన విత్తనం కనుక రైతు దూరం దూరంగా వేస్తాడు, ఎకరాకు ఏడు వేల మొక్కల దగ్గర ఆగుతాడు, ఇతర దేశాల్లో నలభై వేలకు పైగా వేస్తారు. మొక్కలు తక్కువ కనుక ఒక్కో మొక్క ఎక్కువ కాయలు కాయాలి, అందుకు ఆరు నెలలకు మించి చేలో ఉండాలి, ఆ చివరి రెండు నెలలే గులాబీ పురుగుకు పండుగ. ఐదు నెలల్లో ముగిసే సూటి రకంలో ఇదే జన్యువును పెట్టి ఉంటే చాలా చేలు పురుగు ముదిరే లోపే ఖాళీ అయ్యేవి. ప్రభుత్వ సంస్థలు ఆ ప్రయత్నం చేశాయి. రైతు దాచుకోగలిగిన బికనేరి నర్మా బీటీ రకాన్ని 2008లో విడుదల చేశాయి, కానీ అందులో ఉన్నది తాము తయారు చేశామన్న జన్యువు కాదని తేలడంతో వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ వైఫల్యం వల్ల ఈ దేశపు పత్తి రైతు కోల్పోయినదాన్ని ఎవరూ లెక్కగట్టలేదు.

మీ రెండో ప్రశ్నకు జవాబుగా ఒక మొత్తం అంకె ఉంది. క్లుంపర్, ఖైమ్ 2014లో 147 అధ్యయనాలను కలిపి చూస్తే జన్యుమార్పిడి పంటల్లో మందుల వాడకం సగటున 37 శాతం తగ్గింది, దిగుబడి 22 శాతం, రైతు లాభం 68 శాతం పెరిగాయి, పేద దేశాల్లో ఇంకా ఎక్కువగా. కానీ సగటు అంకె కన్నా మూడు చోట్ల జరిగిన కథలు మీకు ఎక్కువ ఉపయోగపడతాయి.

దక్షిణాఫ్రికాలోని మఖాతిని మైదానంలో చిన్న రైతులు 1997-98 నుంచి బీటీ పత్తి వేయడం మొదలుపెట్టారు, నాలుగైదేళ్లలో దాదాపు అందరూ దానికి మారారు, ప్రపంచమంతా దాన్ని ఆదర్శంగా చెప్పుకుంది. అక్కడ విత్తనం, అప్పు ఇచ్చేదీ, పత్తి కొనేదీ ఒకే కంపెనీ. పక్కన మరో జిన్నింగ్ మిల్లు (గింజ నుంచి దూదిని వేరు చేసేది) తెరుచుకోగానే రైతులు పత్తిని అక్కడ అమ్మారు, పాత కంపెనీ అప్పులు వసూలు కాలేదు, మరుసటి ఏడాది అప్పు పుట్టలేదు, సాగు కుప్పకూలింది. జన్యువులో ఏ లోపమూ లేదు. అప్పు ఇచ్చే ఏర్పాటు పోతే ఎంత గొప్ప విత్తనమైనా దుకాణంలోనే ఉండిపోతుంది.

బుర్కినా ఫాసోది దానికి తలకిందులు. 2008 నుంచి అక్కడ బీటీ పత్తి వేశారు, దిగుబడి పెరిగింది, మందు కొట్టడం తగ్గింది, కొన్నేళ్లలోనే సింహభాగం చేలు దానికి మారాయి. కానీ ఆ రకాల్లో దూది పోగు పొట్టిదైంది, జిన్నింగ్‌లో దూది శాతం తగ్గింది. పొడవు పోగుకు పేరు పడ్డ ఆ దేశపు పత్తికి అంతర్జాతీయ సంతలో ఉన్న అదనపు ధర పోయింది. 2015-16 నుంచి వెనక్కి తగ్గుతూ చివరకు పూర్తిగా మానేశారు. రైతుకు చేలో లాభం, పత్తి కంపెనీలకు సంతలో నష్టం. మన సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రంలో పింజ పొడవును బట్టి మద్దతు ధర మారడం మీరు చూసే ఉంటారు కనుక ఇది మీకు వివరించనక్కరలేదు.

బంగ్లాదేశ్ అనుభవం నాకు అన్నింటికంటే ఆశ కలిగించేది. మన దేశంలో 2010 ఫిబ్రవరిలో పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ బీటీ వంకాయను నిలిపివేశారు. అదే జన్యువును తమ స్థానిక వంగ రకాల్లో పెట్టి బంగ్లాదేశ్ 2013 అక్టోబరులో అనుమతించింది, 2014 జనవరిలో ఇరవై మంది రైతులతో మొదలుపెట్టింది. విత్తనం ప్రభుత్వ సంస్థది, సూటి రకం, రైతు దాచుకోవచ్చు. వంగలో కాయతొలుచు పురుగు కోసం వారానికి రెండు మూడుసార్లు మందు కొట్టడం మన దగ్గరా ఉన్నదే. అక్కడ గ్రామాలను చీటీల పద్ధతిలో రెండు గుంపులుగా విడదీసి చేసిన పరిశీలనలో బీటీ వేసినవారికి మందు ఖర్చు తగ్గింది, అమ్మకానికి పనికొచ్చే కాయ పెరిగింది. జన్యువు విలువను నిక్కచ్చిగా కొలిచే పద్ధతి అదే.

ఇప్పుడు మీ ఊరి సంగతి. గడ్డి మందును తట్టుకునే పత్తిని ఈ దేశంలో సాగుకు ఎవరూ అనుమతించలేదు, కనుక మీకు అమ్ముతున్నది చట్టవిరుద్ధమైన విత్తనం. అయినా రైతులు దాని వైపు ఎందుకు మొగ్గుతున్నారో నాకు అర్థమవుతుంది. 2025-26లో ప్యాకెట్టు ధర 901 రూపాయలుగా ఉంది, ఎకరాకు రెండు వేసినా 1,802. ఎనిమిది క్వింటాళ్లు ఏరడానికి కిలోకు పది రూపాయలు ఇచ్చినా ఎనిమిది వేలు, కలుపు తీసే కూలి వేరే. వానలు వరుసగా పడి గుంటుక తోలే వీలు లేనప్పుడు, మనుషులు దొరకనప్పుడు చేను గడ్డిలో మునిగిపోతుంది. కాబట్టి విత్తనంలో ఉన్న గుణం ఆ కూలిని తప్పిస్తుందంటే ఆశపడటం సహజం. పురుగును ఆపే జన్యువు మందుల డబ్బును మిగిల్చితే, ఈ జన్యువు కలుపు తీసే ఆడవాళ్ల కూలిని మిగులుస్తుంది. ఒక కుటుంబం మిగుల్చుకున్నది మరో కుటుంబం పోగొట్టుకున్నదే అవుతుంది, ఒక్కోసారి రెండు కుటుంబాలూ ఒకే ఇల్లు, ఎందుకంటే రెండెకరాల రైతు భార్య మిగతా రోజుల్లో ఇతరుల చేలలో కలుపు తీస్తుంది.

మీ ప్రాంతానికి ఇంకొక లెక్క ఉంది, అమ్మేవాడు దాన్ని చెప్పడు. ఆదిలాబాద్‌లో పత్తి సాళ్ల మధ్య కంది వేయడం పాత అలవాటు. గడ్డి మందు కొడితే పత్తి నిలుస్తుంది, కంది చస్తుంది. పత్తి ఆఖరి ఏరుడు అయ్యాక చేతికొచ్చే కందులు, ఇంటి పప్పు, పొయ్యి కింద కంది కట్టె, ఇవన్నీ కలుపు కూలిలో మిగిలిన డబ్బులోంచి తీసేయండి. పక్క చేలో కంది, సోయా ఉంటే గాలికి మందు అక్కడ పడితే తగాదా మీ ఇంటి ముందుకే వస్తుంది. పైగా ఇలా అమ్మే విత్తనంలో బీటీ జన్యువు సరిగా ఉందో లేదో, మొలక ఎంత శాతమో చెప్పేవాడు లేడు, మొలవకపోతే మండల వ్యవసాయాధికారి దగ్గరకు పట్టుకెళ్లడానికి బిల్లు లేదు. నష్టపరిహారం అడిగే దారి కొన్న రోజే మూసుకుపోతుంది.

అందుకే నా సలహా, ఆ విత్తనం వేయవద్దు. తక్కువ కాలపు రకాన్ని లైసెన్సు ఉన్న దుకాణంలో కొనండి, నేల అనుకూలిస్తే సాళ్లు దగ్గరగా వేయండి, పూత మొదలుకాగానే లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగులను వాసనతో ఆకర్షించి పట్టేవి) పెట్టండి, వరుసగా మూడు రోజులు బుట్టకు ఎనిమిది రెక్కల పురుగులు పడితేనే మందు గురించి ఆలోచించండి, డిసెంబరు చివరికల్లా పత్తి కట్టె పీకేయండి, వీలైతే పక్క చేల వాళ్లతో కూడా పీకించండి. విత్తనం కొన్న రశీదును, ఖాళీ ప్యాకెట్టును, అందులోంచి తీసిన గుప్పెడు గింజలను ఆఖరి ఏరుడు అయ్యే దాకా ఇంట్లో దాచిపెట్టండి.